చదరంగం గళ్ళ బియ్యం మొత్తం ప్రధాన సంఖ్యేనా? కుంచం దగ్గర మొదలుపెట్టి చెప్తాను

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరం గంటస్తంభం దగ్గర బజ్జీల బండి ముందు మొదలైన పందెం అన్నావు. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపితే వచ్చే మొత్తం 2⁶⁴ − 1. ఎక్సెల్‌లో వేస్తే చివర ఐదు సున్నాలు కనిపిస్తున్నాయి కాబట్టి అది 10తో నిశ్శేషంగా పోతుందని నీ రూమ్మేటు వాదన. రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేవి మెర్సెన్ ప్రధాన సంఖ్యలు, కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యేనని నీ వాదన. కాకపోతే దాని కారణాంకాలు చేత్తో తీసి చూపించమన్నావు. మాదిరి పేపర్లో ఈ సంఖ్యనే 7, 11, 13లతో భాగిస్తే శేషాలెంత అని అడిగారు, అదీ చెప్పమన్నావు.

ముందు తీర్పు. ఇద్దరూ ఓడిపోయారు. అది 10తో పోదు, ప్రధాన సంఖ్యా కాదు. కారణాంకాలు మాత్రం చేత్తోనే తియ్యొచ్చు. కాగితం, పెన్సిలు, ఒక గంట తీరుబడి ఉంటే చాలు. నేను రైల్లో కూర్చుని తీశాను, ఆ సంగతి కింద వస్తుంది.

ఎక్సెల్ సంగతి తేల్చేస్తాను. అది 15 అంకెల వరకే నికరంగా చూపిస్తుంది. ఆ తర్వాతవి సవరించేసి సున్నాలు పెట్టేస్తుంది. అందుకే మీకు 1,84,46,74,40,73,70,96,00,000 అని కనిపించింది. అసలు సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

ఇంకో తమాషా చూడు. ఎక్సెల్‌లో 2⁶⁴ వేసి, పక్క గడిలో 2⁶⁴ − 1 వేసి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్యమను. సున్నా అంటుంది. ఆ ఒక్క గింజ దానికి ఆనదు. మన కథంతా ఆ ఒక్క గింజ మీదే నడుస్తుంది కాబట్టి ఈ పనికి అది పనికిరాదు.

ఇరవై అంకెలు ఎలా గుర్తుపెట్టుకోవాలి అంటావేమో. మనవాళ్ళు దీన్ని ఎప్పుడో పద్యంలో కట్టేశారు. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు చెప్పించేవారు. పద్యమంతా రాయను, అందులో అంకెలకి వాడిన మాటలు చెప్తాను. శర (మన్మథుడి బాణాలు 5), శశి (1), షట్క (6), చంద్ర (1), శర (5), సాయక (అవీ బాణాలే, 5), రంధ్ర (నవరంధ్రాలు, 9), వియత్ (ఆకాశం, 0), నగ (కులపర్వతాలు, 7), అగ్ని (త్రేతాగ్నులు, 3), భూధర (మళ్ళీ కొండలే, 7), గగన (0), అబ్ధి (సముద్రాలు, 4), వేద (4), గిరి (7), తర్క (6), పయోనిధి (4), పద్మజాస్య (బ్రహ్మ ముఖాలు, 4), కుంజర (అష్టదిగ్గజాలు, 8), తుహినాంశు (చంద్రుడు, 1). ఈ లెక్క కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, ఒకట్ల స్థానంతో మొదలు. రాసి చూసుకో, ఒక్క అంకె తప్పదు. ఛందస్సులో ఇమిడించిన అంకె కాబట్టి నకలు రాసేవాడు ఒక మాట మారిస్తే గణం చెడి పట్టుబడే అవకాశం ఎక్కువ. ఆ విషయంలో ఎక్సెల్ కన్నా పద్యమే నయం.

ఇప్పుడు కుంచం. మొత్తం 2⁶⁴ కాకుండా ఒకటి తక్కువ ఎందుకైందని నువ్వు అడగలేదు గానీ, అది తెలియకపోతే మిగతాది పట్టుబడదు. గుణశ్రేఢి సూత్రం పుస్తకంలో ఉంది, అది పక్కన పెట్టు.

మా నాయనమ్మ ఇంట్లో కొలత సామాను గూట్లో వరసగా ఉండేది. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. గిద్దల్లో చెప్పాలంటే 1, 2, 4, 8, 16, 32, 64. అంటే మన చదరంగం మొదటి ఏడు గళ్ళు మా ఇంటి గూట్లోనే ఉన్నాయన్నమాట. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక ఆట ఆడేవాణ్ణి. గిద్ద నుంచి అడ్డ దాకా ఒక్కోదానితో ఒక్కోసారి బియ్యం తీసి కుంచంలో పొయ్యడం. ఆరు కొలతలూ అయ్యేసరికి కుంచం నిండినట్టే ఉంటుంది గానీ నిండదు. అంచు దగ్గర కాస్త వెలితి. నాయనమ్మ చూసి "ఇంకో గిద్దెయ్యరా, నిండిపోద్ది" అనేది. వేస్తే నిండేది. ప్రతిసారీ అంతే.

ఆమెకి సూత్రం తెలీదు, కారణం మాత్రం తెలుసు. ఆ ఒక్క గిద్ద ముందున్న గిద్దతో కలిసి అరసోల అవుతుంది. అది ముందున్న అరసోలతో కలిసి సోల. అలా ఒకదానికొకటి తగులుకుంటూ తవ్వ, మానిక, అడ్డ అయి చివరికి కుంచం. 1 + 2 + 4 + 8 + 16 + 32 = 63, గిద్ద తక్కువ కుంచం. ఆరు కొలతలకి బదులు 64 గళ్ళున్నా వరస ఇదే. అందుకే మన సంఖ్య 2⁶⁴కి ఒక్క గింజ తక్కువ.

అదే గూట్లో ఇంకో సంగతి ఉంది. ఒక్కో కొలత ఒక్కసారే వాడాలన్న షరతు మీద గిద్ద నుంచి 63 గిద్దల దాకా ఎంత కావాలన్నా కొలవొచ్చు, అదీ ఒక్కో పరిమాణానికి ఒకే పద్ధతిలో. 21 గిద్దలు కావాలంటే మానిక, సోల, గిద్ద. ఇంకో దారి లేదు. వాడిన కొలతకి 1, వాడనిదానికి 0 వేసుకుంటే 010101. కంప్యూటర్లు లెక్క రాసుకునేది ఇలాగే. 64 స్థానాలున్న యంత్రంలో అన్నీ 1లు వేస్తే, రుణ సంఖ్యల గొడవ లేనప్పుడు, అందులో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య సరిగ్గా మనదే. దానికి ఇంకో 1 కలిపితే నాయనమ్మ గిద్దలాగే ఒకదానికొకటి తగులుకుంటూ పోయి, కుంచం లేని ఇంట్లో బియ్యం నేలపాలైనట్టు, అన్నీ సున్నాలైపోతాయి.

బరువు ఒక్క ముక్కలో. గ్రాముకి 50 గింజలు అనుకో (మన శ్రీకాకుళం సన్నాలైతే ఇంకా ఎక్కువే వస్తాయి). 21వ గడి మీద 10,48,576 గింజలు, అంటే 21 కిలోలు, పాతిక కిలోల బస్తాకి కాస్త తక్కువ. సగం బల్ల, అంటే 32 గళ్ళూ కలిపితే 4,29,49,67,295 గింజలు, 86 టన్నులు, నాలుగు పెద్ద లారీల సరుకు. ఇక్కడి దాకా ఏ మిల్లు ఓనరైనా భరిస్తాడు. మొత్తం బల్లకి సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఏడువందల ఏళ్ళ పంట.

సగం బల్లని ఊరికే చెప్పలేదు. క² − గ² = (క − గ)(క + గ) అని తొమ్మిదో తరగతిలో చదువుకున్నదే. 2⁶⁴ అంటే 2³² వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1)

మొదటి బ్రాకెట్ సగం బల్ల బియ్యమే. అంటే మొత్తం బల్ల, సగం బల్లకి 4,29,49,67,297 రెట్లు. ఇలా కుదిరిందంటేనే ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది. ఇక ఆగకు. 2³² − 1 మళ్ళీ (2¹⁶ − 1)(2¹⁶ + 1). అది మళ్ళీ అలాగే. 64, 32, 16, 8, 4, 2 అని సగాలు చేసుకుంటూ దిగితే చివరికి మిగిలేది:

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

ఈ ఆరూ రెండు ఘాతాలకి ఒకటి కలిపితే వచ్చినవి: 2 + 1, 4 + 1, 16 + 1, 256 + 1, 65,536 + 1, చివరిది 2³² + 1. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఒకదానికొకటి పొత్తు లేనివి, ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ఎందుకంటే ముందున్నవన్నీ గుణిస్తే తర్వాతదానికి రెండు తక్కువ వస్తుంది (3 × 5 × 17 = 255, తర్వాతది 257). ఉమ్మడి కారణాంకమంటూ ఉంటే అది 2ని భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు.

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త ఇవి చూసి, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. ఆరోదాన్ని విరగ్గొట్టి చూసే ఓపిక ఆయనకి ఎందుకు లేకపోయిందో నాకిప్పటికీ అర్థం కాదు. 1732లో ఆయిలర్ అనే స్విట్జర్లాండు గణితవేత్త విరగ్గొట్టాడు, అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు.

4,29,49,67,297 వర్గమూలం 65,536. అక్కడి దాకా ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే ఆరువేల పైచిలుకు భాగహారాలు. ఎవడూ చెయ్యడు. కిటుకు ఇక్కడుంది, నెమ్మదిగా చదువు.

2³² + 1ని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకో. దానితో భాగిస్తే 2³²కి శేషం −1 అన్నమాట. వర్గం చేస్తే 2⁶⁴కి శేషం 1. ఇప్పుడు 2, 4, 8, 16 అని మెట్లెక్కుతూ ప్రతి మెట్టు దగ్గరా శేషం రాసుకుంటూ పో. 64వ మెట్టు మీద 1 ఉంది. అంతకుముందు ఎక్కడైనా 1 తగిలిందా? తగిలుంటే ఆ మెట్టు 64ని భాగించేదై ఉండాలి, అంటే 1, 2, 4, 8, 16, 32లలో ఒకటి. అప్పుడు 32వ మెట్టు మీద కూడా 1 రావాలి. కానీ అక్కడున్నది −1. కాబట్టి 1 మొదటిసారి వచ్చేది సరిగ్గా 64వ మెట్టు దగ్గరే, ఆ తర్వాత ప్రతి 64 మెట్లకీ ఒకసారి. ఇంకోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ఏమంటుంది? మన ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువైన మెట్టు మీద 1 ఉండి తీరాలి. అంటే ఆ మెట్టు 64 గుణిజం. వెరసి, మనం వెతికే ప్రధాన సంఖ్య 64 గుణిజానికి 1 కలిపినదే కావాలి.

65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... ఈ వరసలో ప్రధాన సంఖ్యలు కానివి కొట్టెయ్. 257 కూడా కొట్టెయ్, అది పైన వచ్చేసిన ఫెర్మా సంఖ్య, దీనితో పొత్తు లేదు. మిగిలినవి 193, 449, 577, 641. ఆరువేలు నాలుగుకి దిగాయి.

నేను విజయనగరంలో బీఎస్సీ చదివే రోజుల్లో శనివారం శనివారం పాసింజరు ఎక్కి ఆమదాలవలసలో దిగేవాణ్ణి. ఒక శనివారం టికెట్టు వెనక మొదలుపెట్టాను. 2³²ని పెద్దగా రాయనక్కర్లేదు. 2¹⁶ = 65,536 శేషం తీసి దాన్ని వర్గం చేస్తే చాలు. 193తో భాగిస్తే 65,536కి శేషం 109. 109 వర్గం 11,881, దాని శేషం 108. −1 కాదు, అంటే 192 కాదు. నెల్లిమర్ల దాటింది. 449తో శేషం 431, అంటే −18 అనుకోవచ్చు. వర్గం 324. కాదు. గరివిడి. 577తో శేషం 335, వర్గం 1,12,225, శేషం 287. కాదు. చీపురుపల్లిలో రైలు చాలాసేపు ఆగింది, వేరుశెనక్కాయల వాడు ఎక్కాడు, లెక్క పక్కన పెట్టాను. పొందూరు వస్తుండగా 641 పట్టుకున్నాను. 65,536లో 641 వందా రెండుసార్లు పోతే 65,382, శేషం 154. 154 వర్గం 23,716. అందులో 641 ముప్పై ఆరుసార్లు పోతే 23,076. మిగిలింది 640.

640 అంటే 641కి ఒకటి తక్కువ. అంటే −1. దొరికింది!

పక్కన కూర్చున్నాయన నా మొహం చూసి "ఏటి బాబూ, ఉజ్జోగం వచ్చినాదా?" అన్నాడు.

4,29,49,67,297 ÷ 641 = 67,00,417. ఈ 67,00,417 ప్రధాన సంఖ్యేనా అని సందేహం రావాలి నీకు. దాని కారణాంకం ఏదున్నా అది కూడా 64 వరసలోదే కావాలి. వర్గమూలం 2,588. అక్కడి దాకా ఆ వరసలో మిగిలిన ప్రధాన సంఖ్యలు 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. ఏడే ఏడు. ఏదీ నిశ్శేషంగా పోదు, చేసి చూసుకో. (వరస రాస్తుంటే మధ్యలో 1729 కూడా తగులుతుంది, 64 × 27 + 1. రామానుజన్ సంఖ్య కదా అని ఆశపడకు, అది 7 × 13 × 19.) ఆయిలర్ తర్వాత లూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఆ 64ని 128కి బిగించాడు. ఆ లెక్కన 257 తీసేశాక మొదటి అభ్యర్థే 641. అది ముందే తెలిసుంటే నాకు నెల్లిమర్ల దాకా కూడా పట్టేది కాదు.

641కి ఇంకో ముద్దైన రుజువు ఉంది. భాగహారమే లేదు. 641 = 5⁴ + 2⁴, అంటే 625 + 16. అదే 641 = 5 × 2⁷ + 1 కూడా, అంటే 640 + 1. రెండోదాని ప్రకారం 5 × 2⁷కి శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. మొదటిదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³²కి శేషం 1. అయిపోయింది. ఒకే సంఖ్య రెండు వేషాల్లో వచ్చి తనని తానే పట్టించుకుంది. నేను ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన రుజువుల్లో ఇంత పొట్టిగా, ఇంత నిండుగా ఉన్నది ఇంకోటి లేదు.

మొత్తం కలిపి:

1,84,46,74,40,73,70,95,51,615 = 3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటి ఒక్కసారే.

ఇప్పుడు నీ మెర్సెన్ వాదన. సగం నిజం, అందుకే ప్రమాదం. 2 ఘాతంలోంచి 1 తీస్తే ప్రధాన సంఖ్య రావాలంటే ఆ ఘాతాంకం ప్రధాన సంఖ్యై ఉండాలి. 64 కాదు, అక్కడే ఆట ముగిసింది. ఘాతాంకం ప్రధాన సంఖ్యైతే చాలా అంటే అదీ చాలదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ "చాలు" అని క్లాసులో చెప్పేశాను. మర్నాడు పొద్దున్న ఒక తొమ్మిదో తరగతి పిల్ల కాగితం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. 2¹¹ − 1 = 2047 = 23 × 89. నోరెత్తలేదు, కాగితం పెట్టి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు క్లాసంతా ముందురోజు చెప్పింది తుడవడానికే సరిపోయింది.

చదరంగం బల్లకి 64కి బదులు 61 గళ్ళున్నాయనుకో. మొత్తం 23,05,84,30,09,21,36,93,951. ఇది ప్రధాన సంఖ్య. 1883లో పెర్వూషిన్ అనే రష్యా పల్లెటూరి పూజారి లెక్కగట్టి తేల్చాడు. 67 గళ్ళయితే 14,75,73,95,25,89,67,64,12,927. ఇది ప్రధాన సంఖ్య కాదని లూకా 1876లోనే రుజువు చేశాడు గానీ, దేనితో భాగమవుతుందో చెప్పలేకపోయాడు. విరుగుతుందని తెలుసు, ఎక్కడ విరుగుతుందో తెలీదు. 1903లో అమెరికన్ గణిత సంఘం సమావేశంలో కోల్ అనే ప్రొఫెసర్ దాని కారణాంకాలు బయటపెట్టాడు. మాటా పలుకూ లేకుండా బోర్డు దగ్గరికి వెళ్ళి, ఒకవైపు 2⁶⁷ − 1 వేసి, ఇంకోవైపు 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించి, రెండూ ఒకటేనని చూపించి కూర్చున్నాడని చెప్పుకుంటారు. మా తొమ్మిదో తరగతి పిల్లకి ఆయన సంగతి తెలిసే అవకాశం లేదు, పద్ధతి మాత్రం అదే.

చూశావా, మూడూ ఇంచుమించు ఒకే సైజువి. 61 అసలు విరగదు, 67ని విరగ్గొట్టడానికి పాతికేళ్ళు దాటింది, మనది మాత్రం పొందూరు లోపు విరిగింది. దానికి కారణం 64ని సగాలు చేసుకుంటూ ఒకటి దాకా దిగిపోవచ్చు. అంకెలు ఎన్నున్నాయని కాదు, ఘాతాంకం ఎలా కట్టి ఉందో చూసుకోవాలి.

నువ్వు అడగనిది ఒకటి చెప్తాను, నాకిష్టమైనది. ఏడు ప్రధాన సంఖ్యలు ఒక్కోసారే ఉన్నాయి కాబట్టి మన సంఖ్యకి భాజకాలు 2⁷, అంటే 128. ఒక్కో ప్రధాన సంఖ్యని వాడటమా మానడమా, నాయనమ్మ గూట్లో కొలతల్లాగే. చిన్నవాటిని వరసగా తీసుకో: 1, 3, 5, 15, 17, 51, 85, 255. వీటిని 0, 1లలో, గిద్ద-అరసోల పద్ధతిలో రాయి:

1
1 1
1 0 1
1 1 1 1
1 0 0 0 1
1 1 0 0 1 1
1 0 1 0 1 0 1
1 1 1 1 1 1 1 1

ఇది ఎక్కడో చూసినట్టుందా? మేరు ప్రస్తారం. పై రెండు అంకెలు కలిపి కింద రాసుకుంటూ పోయే త్రిభుజం. అందులో బేసి సంఖ్య ఉన్నచోట 1, సరిసంఖ్య ఉన్నచోట 0 వేస్తే ఇదే వస్తుంది. సంక్రాంతికి వాకిట్లో చుక్కలు పెట్టి 1 ఉన్నచోటే రంగు నింపితే త్రిభుజంలో త్రిభుజం, అందులో మళ్ళీ త్రిభుజం వచ్చే ముగ్గు తయారవుతుంది. మా కోడలు ఒక ఏడాది 16 వరసల దాకా వేసింది. 64 వరసలు వేస్తే ఆఖరి వరసలో ఒక్క సున్నా ఉండదు, 64 ఒకట్లు. ఆ వరస మన చదరంగం సంఖ్యే.

ముగ్గులో 64 వరసలకి 64 భాజకాలు. కానీ ఉన్నవి 128 కదా, మిగతా 64 ఏవి? అవి 641నో 67,00,417నో ఏదో ఒకటే పట్టుకున్నవి. ఆ రెండూ కలిసి ఉన్నంత సేపూ ముగ్గులో ఉంటాయి, విడిపోతే ముగ్గులోంచి బయటపడతాయి. ఆయిలర్ ఆ ఒక్కదాన్నీ విడగొట్టకపోతే సగం భాజకాలు మనకి కనపడేవే కాదు.

దీని పక్కనే ఇంకోటి. 3, 5, 17, 257, 65,537 భుజాలున్న క్రమ బహుభుజుల్ని స్కేలు, వృత్తలేఖినితోనే గీయొచ్చు. 17 సంగతి గౌస్ అనే జర్మన్ గణితవేత్త 1796లో కనిపెట్టాడు, అప్పటికి 19 నిండలేదు. 641 భుజాలదాన్ని అలా గీయలేం. మన సంఖ్యలోంచి గీయడానికి వచ్చే పెద్ద ముక్క మళ్ళీ ఆ సగం బల్లే, 4,29,49,67,295. గీసేవాడికి కాగితం ఎవరిస్తారో మరి.

ఇక శేషాలు, పరీక్షలో రెండు నిమిషాల పని. 7కి: 8 శేషం 1, అంటే మూడేసి మెట్లకి 1. 64 = 63 + 1, కాబట్టి 2⁶⁴ శేషం 2, ఒకటి తీస్తే 1. 11కి: పదేసి మెట్లకి 1. 64లో 60 పోగా 2⁴ = 16, శేషం 5, ఒకటి తీస్తే 4. 13కి: పన్నెండేసి మెట్లకి 1. మళ్ళీ 2⁴ = 16, శేషం 3, ఒకటి తీస్తే 2. నమ్మకం కుదరకపోతే 11ని ఇంకో దారిలో సరిచూసుకో. అంకెల్ని కుడినుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, విడిచినవి కూడితే 25, తేడా 37, దాన్ని 11తో భాగిస్తే శేషం 4. సరిపోయింది. ఇరవై అంకెలూ కలిపితే 87, అది 3తో పోతుంది గానీ 9తో పోదు. చివరి అంకె 5 కాబట్టి 5తో పోతుంది, 10తో పోదు. మీ రూమ్మేటుకి ఆ ఒక్క వాక్యం చూపించు చాలు.

పందెం బజ్జీల డబ్బులు చెరిసగం వేసుకోండి. బేసి సంఖ్యలో వస్తే మిగిలిన ఆ ఒక్కటీ నాది, ఈసారి శ్రీకాకుళం వచ్చినప్పుడు పట్టుకురండి.